పొగబండి వచ్చి వెళ్లినా పాతబస్తీలో పోని దోమలు

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చార్మినార్ చుట్టుపక్కల గల్లీలలో రెండు రకాల పొగ లేస్తుంది. ఒకటి లోబాన్ పొగ. పల్లెలలో సాంబ్రాణి అనేది ఇదే. నిప్పుల పాత్ర చేతబట్టుకుని ఫకీరు ఒక్కో దుకాణం ముందు నిలబడి, కాస్త పొగ లోపలికి విసిరి, గల్లా మీది చిల్లర తీసుకుని ముందుకు సాగిపోతాడు. రెండోది బల్దియా పొగ. భుజానికి తగిలించుకున్న మిషనుతో ఒక మనిషి బుర్రుమనే చప్పుడు చేసుకుంటూ గల్లీలోకి వస్తాడు. పెద్ద రోడ్ల మీదనైతే బండిపైన పెద్ద మిషను వస్తుంది. పిల్లలు కేకలు వేస్తూ తెల్లటి పొగలో పడి పరుగెత్తుతారు. పెద్దవాళ్లు దడదడ తలుపులు, కిటికీలు బిగించుకుంటారు. పావుగంటకు పొగ విడిపోతుంది. దగ్గు మిగులుతుంది. ఇంటి లోపలి దోమ కూడా మిగులుతుంది.

ఇందుకు కారణం లేకపోలేదు. ఆ పొగ ఎగురుతున్న దోమకు తగిలితేనే అది చస్తుంది. నీళ్లలో ఉన్న దోమ పిల్లలను ఆ పొగ ఏమీ చేయదు. పైగా డెంగీ తెచ్చే దోమ వీధిలో తిరిగేది కాదు. మంచం కింద, బీరువా వెనుక, కొక్కేనికి వేలాడే బట్టల మడతల్లో నక్కి ఉంటుంది. తలుపులు మూసిన ఇంట్లోకి పొగ రాదు, దోమ బయటికి పోదు. పొగ వేసే వేళ తలుపులు తెరిచి పెట్టి, అన్నం గిన్నెల మీద మూతలు వేసి, ఆయాసం ఉన్న ముసలివారిని, పసిపిల్లలను దూరంగా పంపమని ముందుగానే చెబితే కొంతైనా ఫలితం ఉంటుంది. ఆ చెప్పేవారే తక్కువ.

వానలు పడిన దగ్గర నుంచి నవంబరు దాకా నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రి ముందు జనం వరుస కట్టడం ఏటా కనిపించేదే. దీనిని పాతకాలం వారు కోరంటి దవాఖానా అంటారు. అంటురోగులను విడిగా ఉంచే ‘క్వారంటైన్’ అన్న మాటే జనం నోట కోరంటి అయింది. 2019లో తెలంగాణ మొత్తం మీద 13 వేలకు పైగా డెంగీ కేసులు ప్రభుత్వ లెక్కలకు ఎక్కాయి. లెక్కకు ఎక్కని జ్వరాలు ఎన్నో ఊహించుకోవచ్చు.

ఇది పట్నం వారి గోల, మనకెందుకని పల్లెవారు అనుకోవడానికి లేదు. చేవెళ్ల, మొయినాబాద్, శంషాబాద్, మహేశ్వరం వైపుల నుంచి కూరగాయలు, పాలు తీసుకుని పట్నం వచ్చిపోయే వారెందరో. కూలి పనికి వచ్చి బస్తీలలో గది తీసుకున్న బంధువులు ప్రతి ఊరికీ ఉన్నారు. పట్నంలో దోమ కుట్టిన మనిషి జ్వరంతో ఊరికి వస్తే, ఊళ్లో అదే జాతి దోమ అతన్ని కుట్టి మరొకరికి అంటిస్తుంది. ఇప్పుడు పల్లెల్లోనూ ప్లాస్టిక్ డ్రమ్ములు, కూలర్లు, ఇంటిమీద నల్ల ట్యాంకులు వచ్చాయి గనుక ఆ దోమకు పల్లె పరాయి చోటు కాదు.

మోరీ దోమ వేరు, డ్రమ్ము దోమ వేరు

పాతబస్తీలో ఎవరిని కదిపినా మోరీ వైపే వేలు చూపుతారు. మోరీలు పొంగుతున్నాయి, అందుకే జ్వరాలు అంటారు. మోరీలు పొంగుతున్న మాట నిజమే. జ్వరం మాత్రం అన్నిసార్లు అక్కడినుంచి రాదు.

మురుగునీటిలో పుట్టేది క్యూలెక్స్ దోమ. రాత్రిపూట చెవి దగ్గర గుయ్యిమని నిద్ర పాడుచేసేది ఎక్కువగా ఇదే. బోదకాలు దీని వల్ల వస్తుంది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఏడిస్ దోమ. ఒంటి మీద, కాళ్ల మీద నల్లని, తెల్లని చారలుంటాయి. పగలే కుడుతుంది. పొద్దెక్కిన తర్వాత రెండు గంటలు, పొద్దుగూకే ముందు కొన్ని గంటలు దానికి మంచి ఆకలి వేళ. దీనికి మురుగు పట్టదు. మనం తాగడానికి, వంటకు, వజూకు, స్నానానికి భద్రంగా పట్టుకున్న నీళ్లే దానికి కావాలి. మూడోది మలేరియా తెచ్చే అనాఫిలిస్. పట్నంలో ఇది బావులు, సంపులు, మూతలేని ట్యాంకులలో పెరుగుతుంది. పాత దేవిడీలలో ముంగిట్లో హౌజు, వెనుక బావి ఉండేవి. వాడకం పోయి చెత్త పడిన బావులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో మిగిలే ఉన్నాయి.

ఏడిస్ దోమ గుడ్లు పెట్టే తీరు తెలిస్తే సగం పని అయినట్లే. అది నీళ్లలో పెట్టదు. నీళ్లకు కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు తడి ఉన్నచోట అంటించి పెడుతుంది. ఒక్కో ఈతకు వంద గుడ్ల దాకా ఉంటాయి. నువ్వుగింజ కంటే చిన్నవి, నల్లనివి, కంటికి మసిలాగా ఆనుతాయి. నీళ్లు అయిపోయి డ్రమ్ము ఎండినా ఆ గుడ్లు చావవు. నెలల తరబడి అట్లాగే ఉండి, మళ్లీ నీళ్లు పోసి తడి తగలగానే పగులుతాయి. అందుకే డ్రమ్ము బోర్లించి నీళ్లు పారబోసినంత మాత్రాన పని కాదు. పీచుతోనో, బ్రష్షుతోనో లోపలి గోడను గట్టిగా రుద్దాలి. అంట్లు తోమినట్టు తోమాలి.

గుడ్డు పగిలిన నాటినుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వేడి రోజుల్లో వారం పది రోజులు పడుతుంది. నీళ్లలో గింగిరాలు తిరిగే పురుగులను పల్లెల్లో చూడనివారు ఉండరు. చాలామంది అవి నీటి పురుగులని, వాటి వల్ల నష్టం లేదని అనుకుంటారు. అవే దోమ పిల్లలు. చీకట్లో టార్చిలైటు వేసి చూస్తే వెలుతురుకు బెదిరి అడుగుకు పోతాయి. వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి తోమితే వాటికి రెక్కలు వచ్చే వ్యవధి ఉండదు. ఎక్కువగా ఏడిస్ దోమ పుట్టినచోటి నుంచి వంద, రెండు వందల గజాల లోపే తిరుగుతుంది. ఒక ఇంట్లో డెంగీ వచ్చిందంటే దోమ ఆ ఇంట్లోనో, గోడ అవతలి ఇంట్లోనో పుట్టి ఉంటుంది తప్ప మూసీ గట్టునుంచి వచ్చి ఉండదు.

ఇంతవరకు చెప్పడం సులువే. పాతబస్తీ సంగతి అంత సులువు కాదు. చాలా బస్తీలలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చిన ఆ కాసేపట్లో బిందె, బకెట్టు, డ్రమ్ము, గోలెం ఏది దొరికితే అది నింపుకోవలసిందే. పై అంతస్తువాళ్లు, కింది వాటాల వాళ్లు, అద్దెకున్నవాళ్లు అందరికీ ఒకే నల్లా. ‘డ్రమ్ము కడిగి పారబోస్తే మళ్లా నీళ్లెక్కడికెళ్లి తేవాలె బిడ్డా’ అన్నది ఇక్కడి తల్లులందరికీ ఉన్న బాధే. నీళ్లు నిలవ పెట్టుకోవద్దని గోడల మీద రాయించే అధికారుల ఇళ్లలో నల్లా రోజూ వస్తుంది కాబోలు. నీళ్లు రోజూ ఇవ్వనంతకాలం నిలవ మానమనడం న్యాయం కాదు. నిలవకు మూత పెట్టమని అనడమే న్యాయం.

ఆ మూత కూడా ఒక పద్ధతిలో ఉండాలి. డ్రమ్ము మీద పలక అడ్డం పెట్టి ఒక మూల సందు వదిలితే దోమకు ఆ సందు చాలు. నీడ, తడి రెండూ దొరికినందుకు సంతోషిస్తుంది కూడా. గుడ్డ కడితే బిగించి కట్టాలి. వదులుగా కట్టిన గుడ్డ నడుమ కుంగి నీళ్లను తాకితే ఆ తడి గుడ్డ మీదనే గుడ్లు పెడుతుంది. తాడుతో కాకుండా సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కతో కట్టుకుంటే అంచుకు గట్టిగా పడుతుంది, తీసి పెట్టడమూ తేలిక.

వరద పోయింది, మురుగు వచ్చింది

మూసీ సంగతి చెప్పకుండా పాతబస్తీ దోమల సంగతి పూర్తి కాదు. ఈ నది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలలో పుడుతుంది. అది చెట్లు, తేమ, ఊటలు ఉన్న చోటు. అక్కడి పల్లెలలో వాగు అంచున మెల్లగా కదిలే తేట నీటిలో, వాన వెలిశాక గుంటల్లో అనాఫిలిస్ జాతి దోమలు పెరుగుతాయి. అదే నీరు పట్నం చేరేసరికి తేటదనం పోతుంది, దోమ జాతి మారుతుంది.

1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో మూసీ ఒడ్డున వేలాది ఇళ్లు కొట్టుకుపోయాయి. 15 వేలమంది దాకా చనిపోయారని అంచనా. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. 1920 నాటికి గండిపేట, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టారు. తాగునీళ్లు దొరికాయి, వరద భయం తగ్గింది. అయితే పైన ఆనకట్టలు పడిన తర్వాత దిగువన నదికి పారే నీళ్లు కరువయ్యాయి. పట్నం పెరిగిన కొద్దీ నది నిండా మురుగే. పారని మురుగు క్యూలెక్స్ దోమకు పుట్టినిల్లు. మీరాలం చెరువులాంటి చోట్ల గుర్రపుడెక్క అల్లుకుంటే ఆకుల నీడన దోమ పిల్లలు చేపలకు కూడా దొరకకుండా పెరుగుతాయి. బల్దియా దోమల విభాగం వారు డెక్క తీయించడం, మందు చల్లించడం చేస్తుంటారు. డెక్క మళ్లీ పెరుగుతుంది. మురుగు ఆపకుండా డెక్క తీయడం గడ్డం గీసుకోవడం వంటిది.

ఇది బల్దియా పని, జలమండలి పని. గృహస్థు చేతిలో లేదు. డ్రమ్ము గృహస్థు చేతిలో ఉంది. ఈ రెండింటినీ కలగాపులగం చేయడంవల్ల చిక్కు వస్తున్నది. మోరీ చూపించి ఇల్లు ఊరుకుంటుంది, డ్రమ్ము చూపించి ఆఫీసు ఊరుకుంటుంది.

అణాకు ఒక కాటు

దోమ వల్ల మలేరియా వస్తుందనే గుట్టు తెలిసింది ఈ పట్నం పక్కనే. అప్పటిదాకా చెడుగాలి వల్ల చలిజ్వరం వస్తుందని డాక్టర్లే నమ్మేవారు. 1897లో సికింద్రాబాద్ దండులో సైనిక వైద్యుడుగా ఉన్న రొనాల్డ్ రాస్ బేగంపేటలో ఒక చిన్న ఇంట్లో సూక్ష్మదర్శినితో కూర్చున్నాడు. నీళ్లలోంచి తెచ్చిన పురుగులను సీసాలలో పెంచి దోమలను చేశాడు. మలేరియాతో ఉన్న హుస్సేన్ ఖాన్ అనే రోగిని ఆ దోమలచేత కుట్టించాడు. కాటుకు ఒక అణా చొప్పున కూలి ఇచ్చాడు. ఆగస్టు 20న ఆ దోమను కోసి చూస్తే దాని పొట్టగోడలో మలేరియా క్రిమి కనిపించింది. ఆ రోజునే ఇప్పుడు ప్రపంచమంతా దోమల దినంగా జరుపుతున్నారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అణాలు పుచ్చుకున్న హుస్సేన్ ఖాన్ పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఆ ఇల్లు నేటికీ పాత విమానాశ్రయం దగ్గర ఉంది. నల్లకుంట దవాఖానాకు కూడా రాస్ పేరే పెట్టారు.

చెప్పుకోదగ్గ సంగతి ఇంకొకటి. దోమ గుట్టు తెలిసిన తర్వాత రాస్ మందు కోసం పరుగెత్తలేదు. మనుషులను జట్లుగా చేసి గుంటలు పూడ్పించడం, పాత డబ్బాలు ఏరించడం, తొట్లు ఖాళీ చేయించడం మొదలుపెట్టాడు. ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో ఆ పని చేయించి చూశాడు. ఈజిప్టులోని ఇస్మాయిలియాలో ఆ పద్ధతి వల్ల మలేరియా బాగా తగ్గిపోయింది.

డీడీటీ వచ్చాక ఆ పద్ధతి వెనుకబడింది. 1953లో దేశమంతటా మలేరియా అదుపు కార్యక్రమం ప్రారంభమైంది. పంపులు మోసుకుంటూ మలేరియావాళ్లు ఊరూరా వచ్చి గోడలకు మందు కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి పోయేవారు. పెద్దలకు ఇంకా గుర్తే. స్వాతంత్ర్యం నాటికి ఏడాదికి ఏడున్నర కోట్లమందికి వస్తుందని అంచనా వేసిన మలేరియా 1965 నాటికి లక్ష కేసులకు దిగింది. ఇక దోమ పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. 1976లో మళ్లీ 64 లక్షలకు ఎక్కింది. దోమ డీడీటీకి అలవాటు పడింది. పని చేసేవారూ చల్లబడ్డారు. ఊళ్లలో మందు కొట్టిన గోడలను పండుగకు పేడతో, మట్టితో అలికేవారు. అలుకు కింద మందు కప్పడిపోయేది. అందులో ఆడవారి తప్పేమీ లేదు. గోడ అలకవద్దని చెప్పినవారు ఎందుకో చెప్పి ఉండరు.

ఎలుకలు పడిన రోజులు

దోమ తర్వాత పాతబస్తీకి పెద్ద బెడద ఎలుక. పాత గోడల సున్నం రాలిన సందులు, మోరీ తూములు, మండీల దగ్గర పారబోసిన కుళ్లు కూరగాయలు దానికి కావలసినవన్నీ అమర్చి పెడుతున్నాయి. పందికొక్కులు పునాదుల కిందనుంచి మట్టి తోడి పోస్తాయి.

అసలు చార్మినార్ కట్టిందే మహమ్మారి పోయినందుకని జనంలో ఒక మాట ఉంది. హిజ్రీ వెయ్యో సంవత్సరం వచ్చిన గుర్తుగా 1591లో కట్టారని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. ఆ తగాదా ఎట్లా ఉన్నా, 1911లో హైదరాబాదుకు ప్లేగు వచ్చిన మాట నిజం. ప్లేగు ముందు ఎలుకకు వస్తుంది. ఎలుక చస్తే దాని ఒంటిమీది గోమారులాంటి చిన్న పురుగులు ఆకలితో మనిషి మీదికి దుముకుతాయి. అందుకే ఆ రోజుల్లో పల్లెల్లో ‘ఎలుకలు పడుతున్నాయి’ అంటే గుండె జారిపోయేది. దూలాల మీదినుంచి ఎలుకలు రాలి చస్తున్నాయంటే ఊరు ఊరంతా ఇళ్లు విడిచి పొలాల్లో పాకలు వేసుకునేది. పిచ్చి నమ్మకమని దాన్ని కొట్టిపారేయడానికి లేదు. ఎలుక ఉన్న చోటు విడవడం ఆనాటికి ఉన్న మంచి మందు.

పట్నంలో అందరూ విడిచి పోవడానికి పొలాలు లేవు. వరద, ప్లేగు వెంట వెంట వచ్చిన తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డు పెట్టింది. గాలి వెలుతురు లేని ఇరుకు ఇళ్లు తీయించి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టించింది. పత్తర్‌గట్టిలో రాతి తోరణాల దుకాణాల వరుస ఆ బోర్డు కట్టించినదే. పెళ్లి బట్టలకు అక్కడికి వెళ్లే పల్లెవారికి అది ప్లేగు పుణ్యమా అని వచ్చిందని తెలియకపోవచ్చు.

ప్లేగు ఇప్పుడు లేదు. ఎలుక మూత్రం కలిసిన వాన నీటిలో దిగితే వచ్చే ఎలుక జ్వరం మాత్రం ఉంది. 2020 అక్టోబరులో చెరువులు తెగి ఫలక్‌నుమా చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు జనం రోజుల తరబడి అలాంటి నీళ్లలోనే నడిచారు. కాలికి పుండు ఉన్నవారు ఆ నీళ్లలో దిగకుండా ఉండాలి. దిగక తప్పకపోతే తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే నీళ్లలో దిగిన సంగతి డాక్టరుకు చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు తెలియదు.

ఎలుకకు కలుగు మూయడమే మందు. మట్టితో మూస్తే రాత్రికే తోడేస్తుంది. సిమెంటులో గాజుపెంకులు కలిపి మూస్తే నిలుస్తుంది. ధాన్యం, పప్పులు డబ్బాలో పెట్టి, రాత్రి ఎంగిలి గిన్నెలు వదలకుండా ఉంటే దానికి తిండి దొరకదు. ఒక ఆడ ఎలుక మూడు వారాలకు ఈనుతుంది. తిండి ఉన్నంతకాలం పదింటిని చంపితే ఇరవై పుడతాయి.

విడి పొట్లాల మందు

పల్లెవారు పట్నం వస్తే అంగట్లో పురుగుల మందులు కొనుక్కుపోవడం మామూలు. సుద్దముక్కలు, పొడులు, ఎలుక బిళ్లలు, పేరు లేని సీసాలు. వాడే తీరు ఏ పొట్లం మీదా ఉండదు. అమ్మేవాడు నోటితో చెప్పిందే రాత. ఇందులో ప్రాణాలమీదికి తెచ్చేవి ఉన్నాయి గనుక కాస్త వివరంగా చెప్పుకోవాలి.

అన్నిటికంటే చెడ్డది ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల. గాలిలోని తేమ తగలగానే ఇది ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. గోదాముల్లో శిక్షణ పొందినవారు తలుపులు మూసి, సీలు వేసి వాడవలసింది. చట్టం ప్రకారం మామూలు జనానికి అమ్మకూడదు. అయినా దొరుకుతున్నది. నల్లులు పోతాయని మంచం కింద, ఎలుకలు పోతాయని పడక గదిలో, పురుగు పట్టదని పిల్లలు పడుకునే గదిలోని బియ్యం బస్తాల మధ్య పెట్టి తలుపు వేసుకుంటున్నారు. ఆ వాయువు గోడ సందుల గుండా పక్క వాటాలోకి కూడా పోతుంది. వాంతులు, ఆయాసం మొదలైతే అన్నం పడలేదనుకుంటారు. ఈ విషానికి విరుగుడు లేదు. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వస్తున్నదంటే వెంటనే అందరూ ఆరుబయటికి వచ్చి, ఆలస్యం చేయకుండా దవాఖానాకు పోవాలి. పాతబస్తీ ఇరుకు వాటాలకు, పల్లెలో ఒకే గది ఇళ్లకు ఈ బిళ్ల ఎంతమాత్రం పనికిరాదు.

రెండోది పొలం మందు. పత్తికి కొట్టగా మిగిలింది ఇంట్లో నల్లులకు కొట్టడం, పిల్లల తలకు పేల కోసం రాయడం ఇంకా పోలేదు. తల చర్మం గుండా విషం ఒంట్లోకి పోతుంది. పేలకు దువ్వెన, ఓపిక ఉంటే చాలు. మూడోది బొద్దింకల సుద్ద. బడిపిల్లలు బలపం అనుకునే రూపంలో ఉండటమే దానిలోని ప్రమాదం. బొద్దింకలకు బోరిక్ పొడి, చక్కెర, పిండి కలిపి చిన్న ఉండలు చేసి, పిల్లలకు, కోళ్లకు అందని సందులలో పెడితే సరిపోతుంది.

నల్లులకు వేడికి మించిన మందు లేదు. నులక మంచాన్ని ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎండలో వేసి, కోళ్ల సందుల్లో మరిగే నీళ్లు పోసే పద్ధతి మన ముసలమ్మలకు తెలిసిందే. ఒక్కసారితో గుడ్లన్నీ పోవు గనుక వారం ఆగి మళ్లీ పోయాలి. చెదలు నేల తేమను పట్టుకుని పైకి వస్తాయి. గోడకు ఎక్కే మట్టి దారిని చెరిపేసి ఊరుకుంటే మర్నాటికి మళ్లీ కడతాయి. తేమ ఎక్కడిదో చూసుకోవాలి. కారే నల్లా, గోడకు ఆనించిన కట్టెలు, నేలమీద పెట్టిన పెట్టె, ఇవీ కారణాలు. పాతబస్తీలో ఎన్ని ఇళ్లలో తాతలనాటి ఉర్దూ, పార్శీ కితాబులు ఇట్లా మట్టి అయిపోయాయో చెప్పనలవి కాదు.

ఇక దోమల కాయిల్. మూసిన గదిలో రాత్రంతా కాయిల్ వెలిగించుకుని పడుకుంటే పెద్ద పొగాకు చుట్ట పక్కన పడుకున్నట్లే. ఒక కాయిల్ నుంచి వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసికి సమానమని 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో తేలింది. లోబాన్, వేపాకు పొగ కాసేపు దోమను తరుముతుంది కానీ చంపదు. దోమతెర అన్నిటికంటే మేలు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డెంగీ దోమ పగలు కుడుతుంది గనుక తెర రాత్రికే చాలదు. ఉయ్యాలలో పగలు నిద్రపోయే పసిపిల్లకు కూడా కట్టాలి.

జ్వరం వస్తే

డెంగీ జ్వరంలో ఒక మోసం ఉంది. మూడు రోజులు కాసి, నాలుగో రోజో, అయిదో రోజో జ్వరం దిగుతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కునుంచో రక్తం, ఒళ్లు చల్లబడి మగతగా ఉండటం, ఇందులో ఏది కనిపించినా ఇంట్లో ఉంచకూడదు. ఒళ్లునొప్పులని ఆర్.ఎం.పి. ఇచ్చే ఆస్పిరిన్, బ్రూఫెన్ బిళ్లలు రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్, తాగడానికి గంజి, మజ్జిగ, ఉప్పు చక్కెర నీళ్లు పదేపదే ఇవ్వాలి. బొప్పాయి ఆకు రసం తాపుతూ దవాఖానాకు పోవడం వాయిదా వేయడం మంచిది కాదు.

2020 మే నెలలో ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’ అంటూ ప్రభుత్వం ఒక పిలుపునిచ్చింది. మంత్రులు, మేయరు తమ ఇళ్లలో పూలకుండీల కింది పళ్లేలు పారబోస్తుండగా ఫొటోలు పడ్డాయి. పిలుపు మంచిదే. పాతబస్తీ బస్తీలలో మాత్రం ఆదివారం పది గంటలకు కాక, నల్లా వచ్చే రోజు ఉదయం, నీళ్లు రాకముందు డ్రమ్ము అడుగంటి ఉన్నప్పుడు తోముకోవడమే కుదురుతుంది. జలమండలి వారు ఏ గల్లీకి ఏ రోజు ఏ వేళకు నీళ్లు వదిలేదీ ఖాయంగా చెప్పి, చెప్పిన వేళకు వదిలితే ఆ పని ఇంకా తేలికవుతుంది. బావులున్న ఇళ్లకు బల్దియా గంబూసియా చేపలు ఇస్తుంది. వేలెడంత కూడా ఉండని ఈ చేప దోమ పిల్లలను ఏరుకుని తింటుంది. 1928లోనే దీన్ని ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అయితే వీటిని బావిలో, హౌజులో వేయాలి తప్ప పల్లెల్లో చెరువుల్లో, వాగుల్లో వదలకూడదు. మన చిన్న చేపల గుడ్లను, పిల్లలను కూడా తినేస్తుంది.

చలికాలం వచ్చిందంటే ఇళ్లలో కూలర్లు అటకెక్కుతాయి. అడుగున నాలుగు వేళ్ల నీళ్లు, పక్కన తడిసిన గడ్డి అలాగే ఉంచి ఎక్కించేవారే ఎక్కువ. నీళ్లు ఎండిపోతాయి, తొట్టి గోడకు అంటిన గుడ్లు ఎండవు. మార్చిలో దించి నీళ్లు పోసిన వారం పది రోజులకు ఆ ఇంట్లో కొత్త దోమలు తయారు. అటకెక్కించే ముందు గడ్డి తీసి తగలబెట్టి, తొట్టిని పీచుతో రుద్ది కడిగి, ఎండబెట్టి బోర్లించి పెట్టాలి.